రాబర్ ఈగల్ని గుంపులుగా విడదీయడం: రంగు పక్కనబెట్టి రెక్క చూడండి

"ఒళ్లు నల్లగా ఉంది, మీసం పసుపుగా ఉంది, కాళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏం ఈగ ఇది?" ఇతర పురుగులను వేటాడి తినే రాబర్ ఈగల గురించి వచ్చే ప్రశ్నలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఈ మూడు వివరాలతో జవాబు చెప్పడం కుదరదు. ఒకదానికొకటి దూరపు చుట్టాలైన గుంపుల్లో కూడా అవే రంగులు కనిపిస్తాయి. ఒకే జాతిలో ఆడది ఒక రంగులో, మగది ఇంకో రంగులో ఉండొచ్చు. ముసలిదైతే వెంట్రుకలు రాలిపోయి, చూపరికి వేరే ఈగ అనిపిస్తుంది. అదే రెక్కలోని ఈనెల అల్లిక, స్పర్శశృంగం (యాంటెనా) కొస, పాదం అడుగుభాగం అయితే వయసును బట్టి మారవు, ఎండకు వెలిసిపోవు.

రాబర్ ఈగల కుటుంబమైన అసిలిడేలో ఇప్పటిదాకా వర్ణించిన జాతులు 7,000 పైచిలుకు. 3 మిల్లీమీటర్ల బుల్లి ఈగల దగ్గర్నుంచి 50 మిల్లీమీటర్లు దాటిన భారీ ఈగల దాకా అందులో ఉన్నాయి. కొన్ని బొద్దుగా తేనెటీగల్లా ఉంటే, కొన్ని పుల్లలకు రెక్కలు అతికించినట్టు ఉంటాయి. పాత పద్ధతిలో వీటిని నాలుగైదు పెద్ద గుంపులుగా చూసేవారు. 2009లో టార్స్టెన్ డికోవ్ అనే కీటక శాస్త్రవేత్త శరీర లక్షణాలను విస్తృతంగా పోల్చి 14 ఉపకుటుంబాలుగా విడదీశాడు. ఆ పద్నాలుగూ ఒక్కసారిగా నేర్చుకోనక్కర్లేదు. తరచుగా ఎదురయ్యే ఎనిమిదింటిని పోల్చుకోగలిగితే, దొరికిన ఈగల్లో ఎక్కువ వాటిని సరైన గూట్లో పెట్టినట్టే. ఈ మార్గదర్శి ఉపకుటుంబం దాకా తీసుకెళ్తుంది, అక్కడక్కడా ప్రజాతి దాకా కూడా. జాతి పేరు దీని పరిధి కాదు. దానికి చాలాసార్లు మగ ఈగ జననాంగాలను విప్పి సూక్ష్మదర్శిని కింద చూడాల్సి వస్తుంది.

ముందు అది రాబర్ ఈగేనా?

తలను ఎదురుగా చూడండి. రెండు పెద్ద కళ్ల మధ్య నడినెత్తి లోపలికి దిగిపోయి, రెండు గుట్టల నడుమ పల్లంలా ఉంటుంది. ఆ పల్లంలో చిన్న బొడిపె, దాని మీద మూడు సరళ నేత్రాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట వెతకాల్సిన గుర్తు ఇదే. మామూలు ఫోటోలో కూడా కనిపిస్తుంది.

తర్వాత ముఖం మీది మీసం. తొండానికి పైన బిరుసు వెంట్రుకలు గుబురుగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. శాస్త్రజ్ఞులు దీన్ని మిస్టాక్స్ అంటారు, గ్రీకులో మీసం అనే అర్థం. పట్టుకున్న ఎర కాళ్లు విదిలించి పెనుగులాడేటప్పుడు ముఖానికి ఇది అడ్డు. ఇక తొండం పొట్టిగా, గట్టిగా, మొన తేలి ఉంటుంది. లోపల సూదిలాంటి హైపోఫారింక్స్ ఉంటుంది. ఈగ దాన్ని ఎరలోకి దింపి లాలాజలం ఎక్కిస్తుంది. ఎర చచ్చుబడిపోతుంది, లోపలి భాగాలు కరిగిపోతాయి, ఈగ ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. ఇది మనుషుల వెంటపడి కుట్టే ఈగ కాదు కానీ, వేళ్ల మధ్య నొక్కి పట్టుకుంటే మాత్రం ఊరుకోదు. బాగా నొప్పి పుడుతుంది. నమూనాను చేత్తో పట్టకండి.

పోలికతో మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. స్టిలెట్టో ఈగలు, అంటే థెరెవిడే కుటుంబం, ఆకారంలో దగ్గరగా వస్తాయి. కానీ వాటికి నడినెత్తి పల్లం ఉండదు, తొండం మెత్తగా ఉంటుంది. ఎంపిడిడే ఈగలకు తల చిన్నది, గుండ్రటిది, మీసం ఉండదు. మైడిడే కుటుంబపు ఈగలు కాస్త చిక్కు పెడతాయి, ఎందుకంటే వాటికి కూడా నడినెత్తి కొద్దిగా దిగి ఉంటుంది. వాటి స్పర్శశృంగాలు చూడండి: పొడుగ్గా, కొసన గదలా ఉబ్బి ఉంటాయి. పైగా రెక్కలోని ఈనెలు కొస దాకా పోకుండా పైకి వంగి, ముందు అంచులో కలిసిపోతాయి. తేనెటీగ వేషం వేసిన రాబర్ ఈగ విషయంలో అనుమానం వస్తే రెక్కలు లెక్కపెట్టండి. తేనెటీగకు నాలుగు, ఈగకు రెండు. ఈగకు వెనక రెక్కల స్థానంలో గుండుసూది తలల్లాంటి హాల్టియర్లు ఉంటాయి. తేనెటీగ స్పర్శశృంగం మోచేయిలా వంగి ఉంటుంది, ఈగది అలా ఉండదు.

ఏమేం కావాలి, ఏ కోణాలు కావాలి

10 రెట్లు పెద్దది చేసి చూపే చేతి లెన్స్ చాలు. స్టీరియో మైక్రోస్కోప్ ఉంటే హాయి, లేకపోయినా పని ఆగదు. మాక్రో ఫోటోలతోనే సగం పైగా తేలిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, అందరూ ఈగను పక్కనుంచి ఒకే ఒక్క అందమైన ఫోటో తీస్తారు. నాలుగు కావాలి: తలను ఎదురుగా, ఈగను పైనుంచి రెక్కలు కనబడేలా, పక్కనుంచి, ఇక నాలుగోది కాళ్ల కొసలు కనబడేలా. అందంగా రాకపోయినా పరవాలేదు, ఫోకస్ ఉంటే చాలు.

రాబర్ ఈగ ఒక పుల్ల మీదో రాయి మీదో కూర్చుని, ఎగిరి ఎరను పట్టుకుని, చాలాసార్లు అదే చోటికి తిరిగొస్తుంది. కాబట్టి వెంటపడకండి. అది లేచిన చోటికి కెమెరా గురిపెట్టి ఆగండి. ఎరతో వచ్చి తినడం మొదలుపెట్టిందంటే దగ్గరికి వెళ్లినా అంత తేలిగ్గా లేవదు. మంచి ఫోటోలు దొరికేది అప్పుడే.

మొదటి మెట్టు: రెక్కలో ఆ ఒక్క గది

రెక్క ముందు అంచున మందంగా ఉండే ఈనె కోస్టా. దాని కింద మొదలు దగ్గర్నుంచి పొడుగ్గా సాగేవి వరసగా: సబ్‌కోస్టా, ఆర్1, ఆర్2+3, ఆపైన ఆర్4+5. ఈ చివరిది రెక్క కొస వైపు చీలి ఆర్4, ఆర్5 అనే రెండు కొమ్మలవుతుంది. పేర్లు చూసి జంకకండి. మనకు కావాల్సింది ఆర్1కీ ఆర్2+3కీ మధ్య ఉన్న సన్నటి పొడుగు గది. దీన్ని మార్జినల్ గది అంటారు.

వేలితో చూపిస్తున్నట్టు చెప్తాను. రెక్కను పైనుంచి చూస్తూ ముందు అంచు వెంబడి కొస వైపు జరగండి. మూడింట రెండు వంతులు దాటాక ఆగండి. అక్కడ ఆర్2+3 ఏం చేస్తోంది? నేరుగా సాగి ముందు అంచును తనంతట తాను తాకితే గది తెరిచి ఉన్నట్టు. అంచు చేరకముందే పైకి వంగి ఆర్1లో కలిసిపోయి, రెండూ కలిసి పొట్టి కాడలా అంచు దాకా వెళ్తే గది మూసి ఉన్నట్టు. మూసిన గది సన్నటి ఆకులా కనిపిస్తుంది, కొసన తొడిమతో సహా.

గది మూసి ఉంటే ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు గుంపులు: అసిలినే, ఒమ్మాటినే, లాఫ్రినే. తెరిచి ఉంటే లెప్టోగాస్ట్రినే, డాసిపోగోనినే, స్టెనోపోగోనినే, స్టికోపోగోనినే, ట్రిగోనోమిమినే లాంటివి. మినహాయింపులు లేకపోలేదు. అయినా పుస్తకాల్లోని కీలలో, అంటే ఒక్కో గుర్తు అడుగుతూ పేరు తేల్చే పట్టికల్లో, ఎన్ని ప్రశ్నలున్నా, ఇంత తక్కువ శ్రమతో ఇంత పెద్ద కోత కోసే ప్రశ్న నాకు ఇంకోటి కనబడలేదు.

ఇక్కడే జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి, నేనే చేశాను గనక. చాలా రాబర్ ఈగలు కూర్చున్నప్పుడు ఒక రెక్కను ఇంకో రెక్క మీద మడిచి పెట్టుకుంటాయి. రెక్కలు పారదర్శకం. కింది రెక్క ఈనె పై రెక్కలోంచి కనబడి, అడ్డ ఈనెలా భ్రమ కలిగిస్తుంది. అలాంటి ఒక గీతను నమ్మి నేనొక ఈగకు ధైర్యంగా ప్రోమాకస్ అనే ప్రజాతి పేరు పెట్టేశాను. అదే ఈగ రెక్కలు విప్పిన ఫోటో తర్వాత చూస్తే, ఆ ఈనె అసలు లేనే లేదు. అప్పట్నుంచి రెక్కలు ఒకదాని మీద ఒకటి పడిన చోట ఏ ఈనెనూ లెక్కలోకి తీసుకోను. పై రెక్క ముందు అంచు సాధారణంగా బయటికే ఉంటుంది కాబట్టి మార్జినల్ గదికి ఈ బెడద తక్కువ. వెలుతురు రెక్క వెనకనుంచి పడేలా చూసుకుంటే ఈనెలు గీసినట్టు తేలతాయి.

రెండో మెట్టు: గది మూసి ఉంటే స్పర్శశృంగం కొస చూడండి

రాబర్ ఈగ స్పర్శశృంగంలో మొదటి రెండు ఖండాలు పొట్టివి. మూడోది పొడుగు, దాన్ని పోస్ట్‌పెడిసెల్ అంటారు. దాని కొసన ఉండే భాగం స్టైలస్. ఇక్కడ తేడాలు కొట్టొచ్చినట్టు ఉంటాయి.

స్టైలస్ సన్నటి పొడుగు వెంట్రుకలా, నున్నగా ఉంటే అసిలినే. అసిలస్, ప్రోమాకస్, ఎఫెరియా, మాకిమస్ లాంటివన్నీ ఇక్కడికి వస్తాయి. "మామూలు రాబర్ ఈగ" అనగానే చాలామంది మనసులో మెదిలే రూపం వీటిదే: కొస వైపు సన్నబడుతూ పోయే ఉదరం, పొడుగు గడ్డం, ముళ్ల కాళ్లు.

అదే వెంట్రుక మీద మళ్లీ వెంట్రుకలు దువ్వెన పళ్లలాగో ఈకలాగో వరసగా ఉంటే ఒమ్మాటినే. ఒమ్మాటియస్ ప్రజాతి ఈ గుంపుకు పేరిచ్చింది. ఫోటోలో దీన్ని సులువుగా దాటేస్తాం. స్టైలస్ ఫోకస్‌లో లేకపోతే నున్నటి వెంట్రుకలాగే కనబడుతుంది. చిన్నపాటి, సన్నటి ఈగ, రెక్క గది మూసి ఉంది, అసిలినే అనిపిస్తోంది అంటే, పేరు రాసేముందు స్టైలస్‌ను ఇంకోసారి పెద్దది చేసి చూడటం మంచిది.

స్టైలస్ దాదాపు లేకుండా, పోస్ట్‌పెడిసెల్ మొద్దుగా కండెలా ముగిసిపోతే లాఫ్రినే. లాఫ్రియా, హైపెరెకియా ఈ గుంపువే. బొద్దుగా, ఒత్తయిన వెంట్రుకలతో, తేనెటీగల్ని అచ్చు గుద్దినట్టు ఉండేవి ఇందులో చాలా ఉన్నాయి. ఆఫ్రికాలో, ఆసియాలో ఉండే హైపెరెకియా పెద్ద నల్లటి వడ్రంగి తేనెటీగల రూపం తెచ్చుకుంటుంది. దాని లార్వాలు ఆ తేనెటీగల గూళ్లలోనే వాటి లార్వాలను తిని పెరుగుతాయి. తేనెటీగ వేషం ఉన్న ప్రతిదీ లాఫ్రినేనే అనుకోకండి, అసిలినేలో మల్లోఫోరా లాంటివి కూడా అదే వేషం వేస్తాయి. వేషాన్ని నమ్మడం కంటే స్పర్శశృంగాన్ని నమ్మడం మేలు. మల్లోఫోరాకు వెంట్రుకలాంటి స్టైలస్ ఉంటుంది, లాఫ్రియాకు ఉండదు. పక్కపక్కన పెడితే ఈ ఒక్క తేడాతో విషయం తేలిపోతుంది.

మైక్రోస్కోప్ ఉన్నవాళ్లకు ఇంకో సరిచూపు: తొండం పక్కనుండే పాల్ప్‌లు. అసిలినేలో ఒకే ఖండం, లాఫ్రినేలో సాధారణంగా రెండు ఖండాలు. స్పర్శశృంగం కొస విరిగిపోయిన నమూనాల్లో ఇది చాలా ఆదుకుంటుంది. స్టైలస్ విరగడం మామూలే. పొడి నమూనాల్లో మరీను. కొస లేదని లాఫ్రినే అని తేల్చేసే ముందు రెండో వైపు స్పర్శశృంగం కూడా చూడండి. రెండూ ఒకేచోట తెగినట్టు ఉంటే అది సహజం కావచ్చు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే పొట్టిది విరిగినట్టే.

మూడో మెట్టు: గది తెరిచి ఉంటే పాదం దగ్గరికి వెళ్లండి

ఈ వైపు పని కాస్త ఎక్కువ. ఇక్కడ ఒకే ప్రశ్నతో తేలదు. కానీ వరస తప్పకుండా చూస్తే సులువైనవి ముందే వేరుపడిపోతాయి.

మొదట చూడాల్సింది పాదం కొస. మామూలుగా ఈగ పాదానికి రెండు గోళ్లు, ఒక్కో గోటి కింద ఒక మెత్త ఉంటాయి. ఈ మెత్తలను పల్విల్లి అంటారు. గోళ్లు మాత్రమే ఉండి మెత్తలు లేకపోతే, ఒళ్లు కూడా దారంలా సన్నగా ఉంటే, అది దాదాపు ఖాయంగా లెప్టోగాస్ట్రినే. లెప్టోగాస్టర్ అంటే గ్రీకులో సన్నని పొట్ట. ఆ పేరు పెట్టినవాడు అతిశయోక్తి ఏమీ చేయలేదు. ఉదరం రెక్కల కొసలు దాటి వెనక్కి సాగుతుంది. వెనక కాలి ఫీమర్, అంటే తొడ భాగం, మొదట్లో సన్నగా ఉండి కొస వైపు గదలా ఉబ్బుతుంది. మీసం కూడా గుబురు కాదు, ముఖం కింది అంచున ఒక్క వరస వెంట్రుకలు. రెక్క మొదట్లో వెనక వైపు ఉండే చిన్న రేకు, అలూలా, వీటికి ఉండదు, అందుకే రెక్క మొదలు కాడలా కనబడుతుంది. గడ్డి మధ్య మెల్లగా తేలుతూ, ఆకుల మీదున్న చిన్న పురుగులను ఏరుకుంటాయి. ఇన్ని తేడాలు చూసి 1968లో చార్లెస్ మార్టిన్ అనే కీటక శాస్త్రవేత్త వీటిని అసలు వేరే కుటుంబంగానే విడదీశాడు. ఆ విభజన నిలవలేదు, ఇప్పుడు మళ్లీ అసిలిడేలో ఒక ఉపకుటుంబమే. కానీ గడ్డి మధ్య ఎగిరేదాన్ని మొదటిసారి చూసినవాడికి మార్టిన్ అలా ఎందుకు అనుకున్నాడో తెలిసిపోతుంది. చాలామంది దాన్ని చిన్న సూది తూనీగ అనే అనుకుంటారు.

మెత్తలు ఉన్నాయా? అయితే తలను ఎదురుగా, పైనుంచి చూడండి. తల బాగా వెడల్పుగా, కళ్లు రెండు పక్కలకూ గాగుల్స్‌లా పొంగి ఉంటే ట్రిగోనోమిమినే. హోల్కోసెఫాలా, డమాలిస్ ఈ గుంపువే. హోల్కోసెఫాలా 6 మిల్లీమీటర్ల ఈగ. దాని కంటిలో ముందుకు చూసే భాగంలో కటకాలు పెద్దవిగా, చూపు చాలా వాడిగా ఉంటుందని 2017లో వచ్చిన పరిశోధన చూపించింది. ఆ తల అంత వింతగా ఎందుకుందో అందులో తెలుస్తుంది. డమాలిస్‌కు దీనికి తోడు వెనక ఫీమర్లు లావుగా ఉంటాయి.

తల అంత వెడల్పు కాదు కానీ, కళ్లు పైకి వెళ్లేకొద్దీ ఒకదానికొకటి దూరంగా జరిగి, నడినెత్తి కింది ముఖం కంటే వెడల్పుగా కనబడితే స్టికోపోగోనినే అయ్యే అవకాశం ఎక్కువ. ఇవి చిన్నవి, బూడిదరంగువి. ఇసుక మీద, బయలు నేల మీద కూర్చుంటాయి. స్టికోపోగాన్ అంటే వరస గడ్డం అని అర్థం. ఎదురు ఫోటో లేకపోతే ఈ గుంపును పోల్చుకోవడం కష్టం, పక్కనుంచి తీసిన ఫోటోలో కళ్ల మధ్య దూరం తెలియదు మరి.

డయోక్ట్రియా ప్రజాతి ఈగలు ఇంకో రకం. తల మీద ఉబ్బెత్తు భాగం నుంచి పొడుగాటి స్పర్శశృంగాలు ముందుకు వస్తాయి. ముఖం మెరుస్తూ, మీసం పలచగా ఉంటుంది. మొదటి చూపులో సన్నటి కందిరీగలా ఉంటాయి.

ఇక మిగిలినవాటికి ముందు కాళ్లు. నాకు ఇష్టమైన గుర్తు ఇదే. ముందు కాలి టిబియా, అంటే తొడకూ పాదానికీ మధ్య భాగం, దాని కొసన లోపలి వైపు లావుగా వంకర తిరిగిన ముల్లు ఒకటి ఉందా చూడండి. మామూలు బిరుసు వెంట్రుకలు నిటారుగా, సన్నగా, చుట్టూ గుంపుగా ఉంటాయి. ఇదలా కాదు, ఒంటరిగా, బాగా లావుగా, మెలితిరిగి ఉంటుంది. ఇది ఉంటే డాసిపోగోనినే. డాసిపోగాన్, సారోపోగాన్, డయోగ్మైటిస్‌లలో స్పష్టంగా కనిపిస్తుంది. కష్టమేమిటంటే ముందు కాళ్లు ఎప్పుడూ ఎరను కావలించుకుని ఉంటాయి, లేదా ముఖం కింద దాక్కుంటాయి. ఈ విషయంలో డయోగ్మైటిస్ మనకు మేలు చేస్తుంది: అది ముందు కాలితో పుల్లను పట్టుకుని వేలాడుతూ తింటుంది. అలా వేలాడేటప్పుడు కింద నుంచి ఫోటో తీస్తే కాళ్ల లోపలి వైపంతా బయటపడుతుంది. పుల్లను పట్టుకున్న ముందు కాలిని వెతికి, దాని టిబియా కొస దగ్గర జూమ్ చేయండి.

గది తెరిచి ఉంది, మెత్తలు ఉన్నాయి, తల మామూలుగా ఉంది, ముందు కాలికి ముల్లు లేదు అంటే స్టెనోపోగోనినే, బ్రాకిరోపాలినే లాంటివి మిగులుతాయి. పాత పుస్తకాల్లో ఇవన్నీ డాసిపోగోనినే అనే ఒకే పెద్ద బుట్టలో ఉండేవి. అందుకే పాత కీ ఒకటి, కొత్త జాబితా ఒకటి పెట్టుకుని చూసేవాళ్లకు పేర్లు కలవవు. అది మీ తప్పు కాదు, గుంపుల సరిహద్దులే మారాయి. ఈ దశలో ఫోటోతో ఆగిపోవడం తెలివైన పని. వీటిని విడదీసే గుర్తులు ఉరం పక్క పలకల మీద, జననాంగాల్లో ఉంటాయి. ఒక్క ఫోటోతో లాగి పేరు పెట్టేవాళ్లు సగంసార్లు తర్వాత నాలుక కరుచుకుంటారు.

ఉదరం కొస: చుట్టరికం కంటే బతుకు ఎక్కువ చెప్తుంది

మగ ఈగకు ఉదరం కొసన పట్టుకారులాంటి భాగాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆడదానికి కొస సన్నబడుతుంది, లేదా గుడ్లు పెట్టే పరికరంగా మారుతుంది. ఈ పరికరం ఆకారం ఆ ఈగ గుడ్లు ఎక్కడ పెడుతుందో చెప్తుంది. ఎఫెరియా ఆడ ఈగకు అది పొడుగ్గా, రెండు పక్కల నుంచి నొక్కిన కత్తిలా ఉంటుంది. సందుల్లోకి, పూల గుత్తుల్లోకి దూర్చడానికి అది సరిగ్గా సరిపోతుంది. నేలలో తవ్వి పెట్టేవాటికి కొసన చుట్టూ ముళ్ల కిరీటం ఉంటుంది. డాసిపోగోనినే, స్టెనోపోగోనినేలో ఇది చాలా మామూలు. కానీ అసిలినేలో ప్రోక్టాకాంథస్‌కు కూడా అలాంటి ముళ్లే ఉంటాయి, పేరులోని ఆకాంథస్ అంటే ముల్లే. లాఫ్రియాలకు అలాంటి హంగులేమీ ఉండవు. వాటి లార్వాలు చచ్చిన చెక్కలో ఉంటూ పెంకుపురుగుల లార్వాలను తింటాయి. కాబట్టి ముళ్ల కిరీటం చూసి ఉపకుటుంబం తేల్చకండి. రెక్క, స్పర్శశృంగం చెప్పినదాన్ని సరిచూసుకోవడానికి, ప్రజాతి వైపు ఒక అడుగు వేయడానికి వాడుకోండి.

అసిలినేలోకి ఇంకొంచెం: ప్రోమాకస్‌ను పట్టుకోవడం

పెద్ద, దూకుడు ఈగ ఏది కనిపించినా ప్రోమాకస్ అనేయడం రివాజు. దీన్ని తేల్చేది మళ్లీ రెక్కే. మార్జినల్ గది కింద, ఆర్2+3కీ ఆర్5కీ మధ్య ఉండేవి సబ్‌మార్జినల్ గదులు. మామూలుగా రెండు ఉంటాయి. ప్రోమాకస్‌లో ఆర్4 మొదలు దగ్గర ఒక పొట్టి అడ్డ ఈనె పైకి వెళ్లి ఆర్2+3ని కలుపుతుంది. దాంతో పై గది రెండు ముక్కలై, మొత్తం మూడవుతాయి. ఇందాక చెప్పిన నా పొరపాటు ఈ ఈనె దగ్గరే జరిగింది. అన్నట్టు మల్లోఫోరాకు కూడా మూడే ఉంటాయి. కానీ అది బొద్దుగా తేనెటీగలా ఉంటుంది కాబట్టి కలిసిపోయే ప్రమాదం తక్కువ. ప్రోమాకస్ మగ ఈగల్లో చాలా జాతులకు ఉదరం కొసన తెల్లటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. దూరం నుంచే మెరుస్తుంది. అది బలమైన సూచనే గానీ రుజువు కాదు.

ఒక జంట: మైక్రోస్టైలం, ప్రోమాకస్

చెప్పినదంతా ఒకసారి వాడి చూద్దాం. రెండు ఈగలు. రెండూ పెద్దవే, రెండూ ముతక కాళ్లవే, రెండూ బయలు ప్రదేశాల్లో కూర్చుని ఎగిరే పురుగులను పట్టేవే. పక్కనుంచి తీసిన ఫోటోలో అన్నదమ్ముల్లా ఉంటాయి.

మొదటిదాని రెక్క: ముందు అంచు వెంబడి వెళ్తే ఆర్2+3 తనంతట తానే అంచును చేరింది. గది తెరిచి ఉంది. కాబట్టి అసిలినే, ఒమ్మాటినే, లాఫ్రినే మూడూ ఒక్క దెబ్బతో పక్కకు పోయాయి. పాదాలకు మెత్తలున్నాయి, లెప్టోగాస్ట్రినే కాదు, ఆ ఒంటి లావు చూసినా కాదనే చెప్తాం. తల మామూలుగా ఉంది. ముందు టిబియాకు వంకర ముల్లు లేదు. స్పర్శశృంగం కొసన స్టైలస్ చూస్తే మరీ చిన్నది, వెతికితే గానీ కనబడదు. మైక్రోస్టైలం అనే పేరుకు అర్థం కూడా చిన్న స్టైలస్ అనే. స్టెనోపోగోనినేలో ఉంచారు దీన్ని.

రెండోదాని రెక్కలో గది మూసి ఉంది, కొసన తొడిమ ఉంది. స్పర్శశృంగం కొసన పొడుగాటి నున్నటి వెంట్రుక ఉంది. అసిలినే. సబ్‌మార్జినల్ గదులు మూడు, రెండు రెక్కల్లోనూ, రెక్కలు ఒకదాని మీద ఒకటి పడని చోట. ప్రోమాకస్. ఈ రెండు ఈగల మధ్య ఉన్న దూరం ఉపకుటుంబాల దూరం, కంటికి మాత్రం ఒకే ఈగలా ఉన్నాయి.

వివరాలు రాసుకునేటప్పుడు

పేరు పక్కన, ఆ పేరు పెట్టడానికి కారణమైన గుర్తు కూడా రాయండి. "అసిలినే: గది మూసి, స్టైలస్ నున్నటి వెంట్రుక" అని రాస్తే, రేపు ఇంకెవరైనా మీ నమూనాను చూసి సరిచేయగలరు. ఉత్త పేరు రాస్తే అది సరైనదో కాదో మళ్లీ మొదట్నుంచి చూడాలి. చూడలేకపోయిన గుర్తును కూడా రాయండి: "ముందు టిబియా కనబడలేదు", "స్టైలస్ ఫోకస్‌లో లేదు" అని. గది తెరిచి ఉన్న ఈగ దగ్గర ముందు కాలు కనబడకపోతే, డాసిపోగోనినే అని గానీ కాదని గానీ రాయకుండా, "మార్జినల్ గది తెరిచి ఉంది, ముందు కాలు చూడలేదు" అని అక్కడే ఆపేయండి. తర్వాత ఆ ఈగ మళ్లీ ఆ పుల్ల మీదికే వస్తే, ఈసారి లెన్స్‌ను ముందు కాళ్ల మీదికి గురిపెట్టండి.